ముత్యమను పేరు: మార్గరెట్టు చరిత్ర

ఒక యింట ఆడుబిడ్డ పుట్టగా మార్గరెట్టని పేరు పెట్టిరనుకొనుడు. గుమాస్తా ఆ పేరును ఇంగ్లీషు అక్షరములతో పట్టీలో వ్రాసికొనును. బడిలో ఉపాధ్యాయుడు దానిని ఇంగ్లీషువారివలెనే పలుకును. ఇంటిలో నాయనమ్మ మాత్రము "మార్గరీతమ్మా" యని పిలుచును. తోడి పిల్లలు దానిని కురచచేసి "మాగీ" యందురు. అంతట నాలుగక్షరములు నేర్చిన వాడొకడు నవ్వి, ముసలమ్మకు నోరు తిరుగుట లేదనును. ఆ మాట విని నాయనమ్మ చిన్నబోవును, బిడ్డ సిగ్గుపడును. కొన్నాళ్లకు ఆ బిడ్డ నలుగురిలో నాయనమ్మ పిలుపునకు పలుకుటయే మానివేయును.

ఇట్టి నవ్వునకు చరిత్రలో ఆధారమేమైనను గలదా? ఆ పేరు ఎచ్చట పుట్టినది? దాని మొదటి రూపమెట్టిది? దానిని మార్పు లేకుండ పలికిన జాతి యేదైన నున్నదా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు రెండువేల మూడువందల యేండ్లు వెనుకకు పోవలసియున్నది.

మార్గరెట్టు అను పేరునకు మూలము "మార్గరీతేస్" అను గ్రీకు మాట. దాని యర్థము ముత్యము. కాని యా మాటయు గ్రీకులది కాదు. ముత్యములు గ్రీసు దేశపు సముద్రములలో దొరకు వస్తువులు కావు. అవి పారసీక సముద్రమునుండియు, హిందూదేశపు దక్షిణ తీరమునుండియు వర్తకులచేత పడమటికి కొనిపోబడెను. వస్తువుతోపాటు దాని పేరును తూర్పునుండియే పోయినది. పారసీకులు నేటికిని ముత్యమును "మొర్వారీద్" అందురు. సిరియావారి ప్రాచీన భాషలో అది "మర్గనీతా", ఆర్మీనియావారికి "మర్గరీత్". పారసీక భాషా కుటుంబమునకు చెందిన యేదో యొక పాత రూపము గ్రీకుల చెవిని బడి మార్గరీతేస్ అయినదని భాషాశాస్త్రజ్ఞుల యభిప్రాయము. అరిస్టాటిలు శిష్యుడగు థియోఫ్రాస్టసు క్రీ. పూ. 300 ప్రాంతమున రాళ్లను గూర్చి యొక గ్రంథము వ్రాసెను. ముత్యము చిప్పయందు పుట్టుననియు, హిందూదేశమునను ఎర్రసముద్రపు దీవులయందును దొరకుననియు అతడందు చెప్పెను. కావున ఈ పేరు తన మొదటి యడుగునందే ఒక నోటినుండి మరియొక నోటికి మారి రూపు మార్చుకొన్నది.

గ్రీకులనుండి రోమీయులు ఆ మాటను గ్రహించి "మార్గరీతా" యనిరి. రోమునగరపు ధనవంతులకు ముత్యములపై గల మోజు ఇంతంత కాదు. క్రీ. శ. 79లో మరణించిన ప్లీనీ యను పండితుడు, లోల్లియా పౌలినా యను దొరసాని యొకానొక సామాన్యమైన నిశ్చితార్థపు విందునకే నాలుగు కోట్ల సెస్టెర్సుల విలువగల పచ్చలను ముత్యములను ధరించి వచ్చెనని వ్రాసెను. ఆమె తన నగల వెలను ఋజువు చేయు పత్రములను చూపుటకు సైతము సిద్ధముగా నుండెనట!

ఆ ముత్యములను సముద్రగర్భమునుండి తెచ్చిన వారెవరు? అదే శతాబ్దమున గ్రీకు నావికుడొకడు ఎర్రసముద్రపు యానమును గూర్చి వ్రాసిన గ్రంథము దీనికి జవాబు చెప్పుచున్నది. పాండ్యరాజు ఏలుబడిలోని కొల్ఖి యను రేవునొద్ద ముత్యములు తీయుదురనియు, శిక్ష పడిన ఖైదీలచేత ఆ పని చేయింతురనియు అందు గలదు. ఆ కొల్ఖియే తామ్రపర్ణీ నదీ ముఖమునొద్ద నుండిన కొర్కై పట్టణము. ఆ నావికుడే తెలుగు తీరమును మసాలియా యని పేర్కొని, అచ్చట నూలుబట్టలు విస్తారముగా తయారగునని వ్రాసెను. అది మచిలీపట్నపు ప్రాంతమని చరిత్రకారులు చెప్పుదురు. అతని నోట కొర్కై కొల్ఖి యయినది. అందులకు అతనిని చూచి నవ్వినవారు లేరు. ముత్యములను ధరించిన దొరసాని పేరు గ్రంథమున నిలిచినది. ఊపిరి బిగబట్టి నీటిలో మునిగి వానిని తెచ్చిన ఖైదీల పేర్లలో ఒక్కటియు నిలువలేదు.

వస్తువు పేరు స్త్రీల పేరుగా వ్యాపించుటకు ముఖ్య కారణము క్రైస్తవ కథలు. మత్తయి సువార్త 13వ అధ్యాయమున, అమూల్యమైన ముత్యమును కొనుటకై తనకు గలదంతయు అమ్మివేసిన వర్తకుని ఉపమానము గలదు. ఆ సువార్త గ్రీకు మూలములో ముత్యమునకు వాడబడిన మాట మార్గరీతేస్ అనునదియే. పిమ్మట అంతియొకయ పట్టణపు మార్గరీతా యను కన్య కథ బయలుదేరినది. ఆమె యొక పూజారి కుమార్తె యనియు, తల్లి లేక దాది యింట పెరిగి గొఱ్ఱెలు మేపుచుండెననియు, తన విశ్వాసమును విడువనందున దియొక్లెతియను చక్రవర్తి కాలమున చంపబడెననియు కథలో చెప్పబడెను. చెరసాలలో మహాసర్పమొకటి ఆమెను మ్రింగగా దాని కడుపు చీలి ఆమె క్షేమముగా వెలికి వచ్చెనని మరియొక ముచ్చట. ఇది చరిత్రకు నిలువని కథ. ఈ కారణముచేతనే రోమను సంఘమువారు 1969లో ఆమె పండుగను తమ సర్వసామాన్య పంచాంగమునుండి తీసివేసిరి. తూర్పు సంఘములవారు ఈమెనే మరీనా యను వేరు పేరుతో స్మరింతురు.

కథ కల్పితమైనను దానిని నమ్మినవారి భయము కల్పితము కాదు. సర్పగర్భమునుండి క్షేమముగా వెలువడినది గనుక మార్గరీతా పురిటి స్త్రీలకు తోడుండునని ఐరోపా స్త్రీలు నమ్మిరి. నొప్పులు పడుచున్న స్త్రీకి ఆమె చరిత్రను చదివి వినిపించుటయు, ఆ పుస్తకమును స్త్రీ మీద నుంచుటయు కొన్ని దేశములలో ఆచారమై యుండెను. వైద్యము అంతగా లేని ఆ కాలమున పురిటి గది వాకిటనే మృత్యువు కాచుకొని యుండెడిది. ప్రాణములతో బయటపడిన తల్లులు ఎందరో తమ కూతుండ్రకు ఆ పేరు పెట్టుకొని యుందురనుటలో వింత లేదు. 1431లో ఫ్రాన్సుదేశమున విచారింపబడి దహింపబడిన జోనను కాపుపిల్ల, తనతో మాటలాడిన పరిశుద్ధులలో మార్గరీతా యొకతె యని న్యాయాధిపతుల యెదుట చెప్పెను. పల్లెలలో ఈ పేరు ఎంతగా నాటుకొనెనో దీనివలన తెలియును.

ఇక రాజకుటుంబముల మూలమున ఈ పేరు ఉత్తర దేశములకు ప్రాకిన విధము చూడదగినది. 1045 ప్రాంతమున హంగేరీ దేశమున ఒక ఇంగ్లీషు రాజకుమార్తె జన్మించెను. ఆమె తండ్రి బాల్యముననే స్వదేశమునుండి వెళ్లగొట్టబడి ఆ పరదేశమున పెరిగినవాడు. ఆమె ఇంగ్లాండునకు వచ్చిన పిమ్మట, 1066లో నార్మనులు ఆ దేశమును జయించిరి. అంతట ఆ కుటుంబము మరల వలసపోయి స్కాట్లండు చేరెను. ఆ మార్గరెట్టే 1070 ప్రాంతమున స్కాట్లండు రాజగు మూడవ మాల్కమును వివాహమాడెను. యాత్రికులు ఫోర్తు నదీసంగమమును దాటుటకు ఆమె పడవలు ఏర్పాటు చేయించెను. ఆ రేవునకు రాణిరేవని యర్థమిచ్చు పేరు నేటికిని నిలిచియున్నది. 1093 నవంబరులో భర్తయు పెద్దకుమారుడును యుద్ధమున చనిపోయిరి. ఆ వార్త విన్న కొలది దినములకే ఆమెయు కన్ను మూసెను. ఆమె జీవితచరిత్రను వ్రాసిన టర్గో యను సన్యాసి, ఆమె తన పేరునకు తగినట్లు నిజముగా ముత్యమేనని పొగడెను. 1250లో రోమను సంఘము ఆమెను పరిశుద్ధురాలిగా ప్రకటించినది. పరదేశమున పుట్టి, రెండుమారులు వలసపోయిన ఈ స్త్రీ మూలమున మార్గరెట్టను పేరు స్కాట్లండులో ఇంటింటి పేరయ్యెను.

ఆ పిమ్మట రెండువందల యేండ్లకు, స్కాట్లండు రాజకుమార్తె యగు మరియొక మార్గరెట్టు నార్వేరాజును పెండ్లాడెను. 1283లో ఆమె ఒక ఆడుబిడ్డను కని మరణించెను. బిడ్డకు తల్లి పేరే పెట్టిరి. మాతామహుడు మృతినొందగా స్కాట్లండు రాజ్యము ఆ పసిబిడ్డకే చెందవలసి వచ్చెను. 1290లో ఏడేండ్ల ప్రాయమున ఓడలో రాజ్యమునకు ప్రయాణమైన ఆ చిన్నది త్రోవలో ఓర్క్నీ దీవులలోనే మరణించెను. సముద్రము దాటునపుడు బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రుల వంశములవారికి ఈ దుఃఖము వివరింప నక్కరలేదు.

ఉత్తరదేశములలో ఈ పేరునకు గొప్ప ప్రతిష్ఠ తెచ్చినది డెన్మార్కు రాజకుమార్తె మార్గ్రేతె. ఈమె 1353లో పుట్టి, పదేండ్ల ప్రాయముననే నార్వేరాజునకు భార్యయై, తరువాత డెన్మార్కు, నార్వే, స్వీడను రాజ్యములు మూడింటిని తన చేతిక్రింద నుంచుకొనెను. 1397లో కల్మరు పట్టణమున ఆ మూడింటికిని ఐక్యము కుదిర్చి, 1412 వరకు జీవించెను. ఆమె పేరు గల మరియొక రాణి, రెండవ మార్గ్రేతె, 1972 మొదలు 2024 జనవరి వరకు డెన్మార్కును ఏలి తానే సింహాసనమును విడిచెను. అయినను డెన్మార్కు పల్లెలలో ఈ పేరు మార్గ్రేతెగానే నిలువలేదు; మెరేటె యయినది, ఇంకను కురచయై మెట్టె యయినది. రాణి పేరును చిన్నది చేసినారని ఏ రాణియు కోపగించుకొన్నట్లు వినబడదు.

జర్మనులు ఈ పేరునకు తల త్రుంచివేసిరి. మార్గరేటెలో మొదటి భాగమును విడిచి గ్రేటె యనిరి. దానికి ముద్దు ప్రత్యయమును చేర్చి గ్రెట్చెన్ అనియు, గ్రేటెల్ అనియు పిలిచిరి. గొప్ప కవి గేటె 1808లో ప్రకటించిన ఫౌస్టు నాటకములోని నాయిక మార్గరేటెయే; అయినను లోకమామెను గ్రెట్చెన్ అనియే యెరుగును. 1812లో గ్రిము సోదరులు అచ్చువేసిన కథలలో, అన్నతోకూడ అడవిలో దారి తప్పిన పేదపిల్ల గ్రేటెల్. ఇటలీవారును తల విడిచి తోకను పట్టుకొనిరి: మార్గెరీతాలో చివరనున్న రీటా వారికి చాలినది. రీటా యని ప్రసిద్ధికెక్కి, 1900లో పరిశుద్ధురాలిగా ప్రకటింపబడిన కాష్యా పట్టణపు సన్యాసిని అసలు పేరు మార్గెరీతా. ఒకే మాటనుండి పుట్టిన గ్రేటె, రీటా యను నీ రెండు పేర్లను ప్రక్కప్రక్కన నుంచినచో ఇవి అక్కచెల్లెండ్రని ఎవరు పోల్చగలరు?

ఫ్రెంచివారు చేసిన మార్పు మరియొక విధమైనది. వారి భాషలో మార్గరీత్ అనగా ముత్యము మాత్రమే గాక, పసుపుపచ్చని నడిమి చుట్టును తెల్లని రేకులు గల యొక పువ్వు కూడను. ముత్యమువలె తెల్లనిదగుటచే పువ్వునకా పేరు వచ్చినది. క్రమముగా జనులు ముత్యమును మరచి పువ్వునే తలచిరి. అందుచేత ఇంగ్లాండులో సైతము మార్గరెట్టను పేరుగల బాలికలను ఆ జాతి పువ్వు ఇంగ్లీషు పేరైన డైసీ యని ముద్దుగా పిలుచుట వాడుకయ్యెను. ఇందులో రూపము పూర్తిగా మారిపోగా, అర్థము ఒక భాషలోనుండి మరియొక భాషలోనికి దూకినది. 1943లో జర్మనుల యాక్రమణవలన స్వదేశమును విడిచి కెనడాలో తలదాచుకొనిన హాలండు రాజకుమారికి ఒటావా నగరమున ఒక కూతురు పుట్టెను. ఆ బిడ్డకు మార్ఖ్రీత్ అని పేరు పెట్టిరి. ఆ పువ్వును హాలండుదేశస్థులు శత్రువునకు లొంగమను గురుతుగా ధరించుచుండిరి. ప్రవాసమున పుట్టిన బిడ్డకు స్వదేశపు పువ్వు పేరు!

తూర్పు ఐరోపాలో పోలండువారు దీనిని మౌగొజాతా యనిరి. ఇంటిలో గోషా యనిరి. చెక్కులు మార్కేటా యనిరి. హంగేరీవారు మర్గిత్ అనిరి. ఆ దేశపు రాజగు నాలుగవ బేలా, మంగోలులు దండెత్తివచ్చిన కాలమున 1242లో పుట్టిన తన కూతురిని దేవునికి ప్రతిష్ఠించెను. ఆ రాజకుమారి దాన్యూబు నదిలోని యొక దీవిలో సన్యాసినియై, వంటశాలలో పాత్రలు తోముచు, రోగులకు పరిచర్య చేయుచు యౌవనముననే మరణించెను. బుడాపెస్టు నగరములోని ఆ దీవి నేడు మర్గిత్ పేరనే పిలువబడుచున్నది.

చివరకు, పట్టీలలోని వ్రాతకు మాతృక యగు ఇంగ్లీషువారి సంగతి చూడవలసియున్నది. వారికి ఈ పేరు ఫ్రెంచివారి మూలమున చేరినది. వారును దానిని ఉన్నదున్నట్లు ఉంచుకొనలేదు. మార్జరి, మ్యాడ్జి, మెగ్, మ్యాగీ యనిరి; స్కాట్లండువారు మెయిసీ యనిరి; వేల్సువారు మార్గెద్ అనియు, మేగన్ అనియు పిలిచిరి; ఐర్లండువారు మరేద్ అనిరి. ఇంకొక వింత: మెగ్ అనుదానిలోని మకారమును పకారముగా మార్చి పెగ్, పెగ్గీ యనిరి. మాలీ యను పేరు పాలీ యయినట్లే ఇదియు నైనది. ఇంగ్లీషు భాషలో మొట్టమొదటి ఆత్మకథ యని పేరొందిన గ్రంథము 15వ శతాబ్దమున లిన్ పట్టణస్థురాలగు మార్జరి కెంపు చెప్పగా ఇతరులు వ్రాసినది. ఆమె చేరిన దేవాలయము పరిశుద్ధ మార్గరెట్టు పేరిటిది. గుడి పేరొక విధము, ఆమె పేరొక విధము. రెండును ఒకటే పేరు.

ఇప్పుడు నాయనమ్మ సంగతికి రావచ్చును. మార్గరెట్టను రూపమే సరియైనదనువారు, ఆ రూపము గ్రీకును తప్పిన లాటినును, లాటినును తప్పిన ఫ్రెంచిని, ఫ్రెంచిని తప్పిన ఇంగ్లీషును గూడినదని గ్రహింపవలెను. గ్రీకు రూపమే పారసీకమును తప్పినది. ఎవరి నోరును తిరుగకపోవుటచేత గాదు; ప్రతి భాషయు తన యింటికి వచ్చిన మాటకు తన బట్టలు కట్టును. తెలుగు మాట సాధారణముగా అచ్చుతో ముగియును గనుక మార్గరెట్ అనునది మార్గరెట్టు అగును. తెలుగువారు స్త్రీని గౌరవించి పిలుచునపుడు అమ్మ యను మాట చేర్తురు గనుక మార్గరీతమ్మ యగును. జర్మనులు ముద్దునకై చివర నొక ప్రత్యయము చేర్చినట్లే నాయనమ్మ గౌరవమునకై అమ్మ యని చేర్చినది. అది తప్పైనచో గ్రెట్చెన్ తప్పు, పెగ్గీ తప్పు, మౌగొజాతా తప్పు.

అయితే నోటిలో మారిన పేరు వేరు. పట్టీలో మారిన పేరు వేరు. 1860 మొదలు 1911 వరకు ఒప్పందముమీద హిందూదేశమునుండి నేటాలునకు ఓడలలో పోయినవారు 1,52,000 మందికి పైబడియుండిరి. వారిలో తెలుగువారనేకులు. వారి పేర్లను గుమాస్తాలు తమ చెవికి తోచినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసిరి. ఒకే పేరు ఒక్కొక్కచోట ఒక్కొక్క విధముగా వ్రాయబడెను. నాయుడు అనునది ఆ దేశమున నైడూ అను వ్రాతగా స్థిరపడి వంశనామమై నిలిచినది. ఈ మార్పు ముద్దువలన కలిగినది గాదు. పేరుగలవాని నడుగకయే జరిగినది. తాతతండ్రుల యూరిని, బంధువులను వెదకుకొను మనుమలు ఈ భేదములవలన నేటికిని చిక్కుపడుదురు. కావున తల్లిదండ్రులు బిడ్డ పేరునకు ఏదో యొక వ్రాతను నిర్ణయించుకొని, జనన పట్టీయందును, బడియందును, ఆస్తి పత్రములయందును దానినే వ్రాయించుట మేలు. ఆ పిమ్మట ఇంటిలో ఎట్లు పిలిచినను హక్కునకు లోపము లేదు.

తెలుగునాట ముత్యమ్మ, ముత్యాలమ్మ యను పేర్లు పూర్వమునుండి కలవు. గ్రామదేవత పేరిట పెట్టినవారును, బిడ్డ ముత్యమువంటిదని పెట్టినవారును గలరు. ముత్యమ్మ యను పేరు మోటదనియు, మార్గరెట్టను పేరు నాగరికమైనదనియు తలచువారు కొందరున్నారు. ఆ రెంటి యర్థము ఒక్కటియే. పాండ్యుల సముద్రమునుండి పడమటికి పోయిన ముత్యములు రోములో ఏ పేరున అమ్ముడయ్యెనో, ఆ పేరే యిరువది శతాబ్దముల పిమ్మట, పది దేశముల దుస్తులు మార్చుకొని, తోట లైనులోని ఉయ్యాల యొద్దకు తిరిగి వచ్చినది.

నాయనమ్మ "మార్గరీతమ్మా" యని పిలిచినపుడు ఆ బిడ్డ సిగ్గుపడక పలుకవచ్చును. నవ్విన వానికి సమాధానము కావలెనన్నచో, ఆ పేరు మొదట మునిగి తెచ్చినవారిదని చెప్పవచ్చును.